తువ్వాల కింద లెక్క

అనంతపురం, కాలవల ఆఫీసు వెనక గది.
ఒకప్పుడు సిమెంటు మూటలు పేర్చినది.
ఇప్పుడు మూడు గోడలూ వెలుగుతాయి, నడుమ బల్ల కూడా.
పైన నాలుగు కెమెరాలు
బల్లుల్లా కరుచుకుని మా చేతుల్నే చూస్తుంటాయి.

మౌసు లేదు, కీబోర్డు లేదు.
పిడికిలి బిగిస్తే పటం చేతికొస్తుంది,
విసిరితే బల్ల మీది ఊరు గోడెక్కుతుంది,
అరచెయ్యి ఎత్తితే ఎక్కడిదక్కడ ఆగుతుంది.
ఉత్తర గోడ మీద ఫర్హానా వానల లెక్క లాగుతుంటే
పడమటి గోడ మీద ఓబులేసు తూములు విప్పుతుంటాడు.
నేను నడుమ నిలబడి
ఎవరి చెయ్యి ఎవరిదో యంత్రానికి నేర్పుతుంటాను.
టీ తెచ్చిన పిల్లవాణ్ణి ఫర్హానా చెయ్యూపి పిలిస్తే
మొన్న పెన్నహోబిలం జలాశయం లేచి ఆమె దగ్గరికొచ్చింది.
నవ్వుకున్నాం. రాత్రి పదిదాకా కూర్చుని దిద్దాను.

ఆ పొద్దు కుళ్లాయప్పను పిలిపించారు.
ముప్పై ఒక్క ఏండ్లు కాలవ గట్టు మీద లష్కరు.
చెప్పులు గడప బయట విడిచి వచ్చి
గోడ మీది నీలం గీతను చాలాసేపు చూశాడు.
"ఇది మా కాలవేనా? శానా అందంగా ఉండాదే."

"చివరి మడికి నీళ్లు పోతాండాయా?" అడిగాడు డీఈ సారు.
కుళ్లాయప్ప నోరు తెరవలేదు.
కుడిచెయ్యి ఎత్తి, వేళ్లు విప్పి,
మణికట్టు ఒక్కసారి అట్ల తిప్పాడు.

మన దగ్గర చంటిపిల్లకు కూడా తెలుసు దాని అర్థం.
పాలు విరిగినా, బస్సు పోయినా, కూలి దొరక్కపోయినా
ఆ ఒక్క తిప్పుడే.
యంత్రానికి తెలీదు.
పటం తిప్పమన్నాడనుకుంది.
మూడు గోడలూ ఒకేసారి గిర్రున తిరిగి
తాడిపత్రి పోయి కళ్యాణదుర్గం చోట కూర్చుంది,
కాలవ కొండెక్కింది,
నీళ్లు ఎగువకు పారాయి, ఎంత నిండుగానో.

"చేతులు దించు పెద్దాయనా, కదిలించొద్దు."
ఆయన రెండు చేతులూ తువ్వాల కింద పెట్టుకుని
మూల కుర్చీలో కూర్చున్నాడు.
చేతులు పోయాక మాట కూడా పోయింది.
అడిగినదానికల్లా "మీకు తెలీందేముంది సార్."

భోజనాలకు అందరూ బయటికి పోయారు.
నేను కేబుళ్లు సర్దుతున్నా.
"ఇట్ల రామ్మా, చెయ్యియ్యి" అన్నాడు.
లష్కరు కాకముందు ఎద్దుల సంతలో దళారీ అంట.
నా చేతి మీద తువ్వాల కప్పాడు.
బరుకు గుడ్డ, బీడీ వాసన.
లోపల ఆయన వేళ్లు నా వేళ్లను వెతికాయి.

"గేటు కాడ విడిచేది ఇంత."
ఐదు వేళ్లూ కలిపి గట్టిగా పట్టాడు.
"సార్ల పుస్తకంలో చివరాకర ఇంత."
చిటికెన వేలు ఒక్కటి వదిలేశాడు.
"నిజానికి ఇంత."
చూపుడువేలి కొస కణుపు,
అందులోనూ సగం దగ్గర గోటితో గీత.
"మిగిలింది యాడికి పోతాదో చెప్పేదానికి
నీ వేళ్లు చాలవు."

నాలుగు కెమెరాలూ చూస్తూనే ఉన్నాయి.
ఆ ఏడు నిమిషాలకూ లాగ్ ఫైలులో
సైగలు: సున్నా.

ఆ రాత్రి నా మణికట్టు రెండు వందల సార్లు తిప్పాను.
మర్నాడు ఫర్హానా చేత, ఓబులేసు చేత, టీ పిల్లవాడి చేత.
వాడిదే అందరికన్నా బాగా వచ్చింది.

గురువారం సమీక్ష. పై నుంచి పెద్ద సారు వచ్చాడు.
కుళ్లాయప్ప తువ్వాల భుజాన వేసుకుని గోడ ముందు నిలబడ్డాడు.
పదకొండో తూము. తిప్పాడు.
అక్కణ్నుంచి నీలం గీత మట్టిరంగయింది,
మూడు గోడల మీదా, బల్ల మీదా.
పన్నెండు. తిప్పాడు.
పదమూడు దగ్గర కొంచెం ఆలోచించి, తిప్పాడు.
డీఈ సారు అరచెయ్యి ఎత్తాడు, ఇంక చాలించమని.

ఆ సైగ యంత్రానికి మొదట్నుంచీ తెలుసు.
పటం అట్లే బిగుసుకుపోయింది.

నీలం మళ్లీ తెచ్చే సైగ ఏదని
అందరూ నా వైపు తిరిగారు.
నాకు తెలీకుండానే
నా మణికట్టు తిరిగింది.